ఇంటివాళ్ల విశ్వాసం కోసం ప్రార్థించేవారికి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే బాధ చెప్తున్నాయి. ఇంట్లో తానొక్కరే గుడికి (మన కతోలిక చర్చికి) పోతున్నారు, మిగతావాళ్లు రావడం లేదు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం ఆ ఉత్తరాలకే ఇస్తున్నాం. రాసినవారి పేర్లు వేయలేదు, ఊర్లు కూడా తగ్గించాం.

*ప్రశ్న: మాది మిర్యాలగూడ దగ్గరి పల్లె. నేను పుట్టు కతోలికురాలిని, మా ఆయన హిందువు. ఫాదర్ గారి అనుమతితో గుడిలోనే పెళ్లి జరిగింది. పిల్లలిద్దరికీ జ్ఞానస్నానం (బాప్తిస్మం) ఇప్పించనిచ్చిండు. ఆదివారం బండి మీద గుడి దాక దింపుతడు, లోపలికి మాత్రం రాడు. రోజూ రాత్రి ఆయనకు వినిపించేటట్టు జపమాల చెప్తున్న. ఇప్పుడు జపమాల చేతికి తీసుకోంగనే లేచి అరుగు మీదికి పోతుండు. తలగడ కింద పతకం పెట్టిన, పవిత్ర జలం కూరల కలిపిన. ఏం మారలేదు. ఎట్ల ప్రార్థించాలె?*

జవాబు: మీ ఆయన పిల్లల జ్ఞానస్నానానికి అడ్డు చెప్పలేదు, వారం వారం మిమ్మల్ని గుడి గుమ్మం దాకా తెస్తున్నారు. దేవుడు ఆ ఇంట్లో పని మొదలుపెట్టలేదని ఎవరనగలరు? మీ ప్రార్థన ఈ రెండింటికీ కృతజ్ఞత చెప్పడంతో మొదలుకావాలి. "ఇంకా రాలేదు" అనే మాటతో మొదలైన ప్రార్థన రోజులు గడిచేకొద్దీ ఫిర్యాదుగా మారుతుంది.

భర్త చెవిన పడాలని చెప్పే జపం దేవునికి చేరకముందే భర్తకు చేరుతుంది, అదీ దెప్పిపొడుపుగా. "ప్రభువా, ఈయన కఠిన హృదయాన్ని కరిగించు" అని పక్క గదికి వినబడేలా అంటే ఎవరైనా లేచి అరుగు మీదికే పోతారు. గది తలుపు వేసుకుని రహస్యంగా ప్రార్థించమని ప్రభువు చెప్పింది మత్తయి 6:6లో ఉంది. ఆయన కోసం చేసే ప్రార్థనను ఇంటిల్లిపాది చేసే ప్రార్థన నుంచి పూర్తిగా విడదీయండి. సగం చిక్కు అక్కడే విడిపోతుంది.

ఆయన కోసం చేసేది మీరు ఒంటరిగా చేసుకోండి. తెల్లవారి పిల్లలు లేవకముందు పది నిమిషాలు చాలు. అయిదు దేవరహస్యాల (జపమాలలో తలచుకునే యేసు, మరియమ్మల జీవిత సంఘటనల) జపమాలకు 15 నుంచి 20 నిమిషాలు పడుతుంది. నాట్ల రోజుల్లో, పత్తి తీసే రోజుల్లో అంత తీరిక ఉండదు. అలాంటప్పుడు ఒక్క రహస్యం ఆయన పేరు మీద పెట్టండి. ఒక పరలోక జపం, పది మంగళవార్త జపాలు, ఒక త్రిత్వ స్తోత్రం కలిపి నాలుగు నిమిషాలకు మించదు. రోజూ జరిగే నాలుగు నిమిషాలు, ఒక వారం గంటసేపు చేసి తరువాతి వారం మానేసే ప్రార్థన కంటే బలమైనవి. భర్త పేరు నోట పలకని అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. దేవుని ముందు మాత్రం పేరు పెట్టే చెప్పండి.

ఏమి అడగాలి? మొదట ఆయన ఒంటి ఆరోగ్యం, ఆయన పని, ఆయన మోస్తున్న అప్పో దిగులో. ఆ తరువాత మీ గురించి: నా నోటి దురుసు తగ్గించు, నా మొహంలో చిరాకు తీసేయి అని. చివరికి, నువ్వు నాకిచ్చిన విశ్వాసపు సంతోషాన్ని ఆయనకూ ఇవ్వు అని. ఈ వరుస మారిస్తే అడిగేది భర్త మేలు కాకుండా మన గెలుపు అయిపోతుంది. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. "ఏదో ఒక దెబ్బ తగిలితేనైనా నీ దగ్గరికి వస్తాడు" అని కొందరు ప్రార్థిస్తారు. పంట పోవాలనీ, రోగం రావాలనీ దేవుణ్ణి అడగడం ప్రేమ కాదు. అలాంటి మాట నోట వచ్చి ఉంటే వెనక్కి తీసుకోండి.

ఇంటిల్లిపాది ప్రార్థన పొట్టిగా ఉండాలి. అన్నానికి ముందు అయిదు నిమిషాలు, పిల్లల నోటితో. సిలువ గుర్తు, ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం, ఆ రోజు అవసరం ఒకటి. "నాన్న వడ్లు రేపు కాంటా కావాలె దేవా" అని పిల్లవాడు చెప్పే ప్రార్థన నుంచి లేచిపోయే తండ్రి ఉండడు. కొనుగోలు కేంద్రంలో వారం నుంచి కుప్ప పోసి, మబ్బు పట్టినప్పుడల్లా టార్పాలిన్ కప్పుకుంటూ కూర్చున్న మనిషికి తన కష్టం ఈ ఇంట్లో దేవుని దాకా పోతోందని అర్థమవుతుంది. ఆయన కూర్చుంటే కూర్చోనివ్వండి. చేతికి జపమాల అందించకండి, "ఇయ్యాల కూసున్నడు" అని మర్నాడు అమ్మగారింటికి ఫోన్ చేయకండి.

పవిత్ర జలం కూరలో కలపడం వెంటనే ఆపండి. పవిత్ర జలం, పతకం, తైలం లాంటివి శ్రీసభ (కతోలిక సంఘం) ప్రార్థనతో ఆశీర్వదించినవి. వాడుకునే మనిషి విశ్వాసంతో వాడుకున్నప్పుడు దైవానుగ్రహానికి అతని మనసును సిద్ధం చేస్తాయి. తెలియకుండా తినిపిస్తే లోపల పనిచేసే మందు కాదు అది. అలా నమ్మితే మనం వద్దనుకున్న తాయెత్తునే వేరే పేరుతో ఇంట్లోకి తెచ్చుకున్నట్టు. పైగా ఏదో ఒక రోజు ఆయనకు తెలుస్తుంది. అప్పుడు పోయే నమ్మకం జలం మీద కాదు, మీ మీద. ఆ జలంతో మీరు సిలువ గుర్తు వేసుకోండి, పిల్లల నుదుట వేయండి. ఆయన చూస్తే చూస్తారు.

శుక్రవారం మాంసం మానడం మీ నియమం. ఆయనకు కూర వండి పెట్టడం మానకండి. ఉపవాసం ఉన్న రోజు ఇల్లంతా మీ మొహం చూసి భయపడేలా ఉంటే ఆ ఉపవాసం ఖర్చు మీరు కాక ఇంటివాళ్లు భరిస్తున్నారన్నమాట. 1 పేతురు 3:1-2 సరిగ్గా మీలాంటి భార్యలకే రాసింది: వాక్యం వినని భర్తలను మాట లేకుండా నడవడితోనే గెలవవచ్చని.

గుడికి పిలవడం ఏడాదికి రెండుసార్లు చాలు. క్రిస్మస్ రాత్రి ఒకటి, పిల్లల ప్రథమ సత్ప్రసాదం (గురువు ఇచ్చే ఆశీర్వదించిన అప్పం తొలిసారి తీసుకోవడం) లాంటి సందర్భం ఇంకొకటి. పిలిచేటప్పుడే చెప్పండి: "సత్ప్రసాదానికి అందరు లేస్తరు, నువ్వు లేవకున్నా తప్పేం లేదు, కూసునే ఉండొచ్చు." ఎప్పుడు లేవాలో, ఎప్పుడు మోకరించాలో తెలియక నలుగురిలో ఇబ్బందిపడి మళ్లీ గుడి మొహం చూడనివాళ్లున్నారు. కతోలికులు కానివారికి సత్ప్రసాదం ఇవ్వరని తెలియక వరుసలో ముందుకు పోయి వట్టి చేతులతో తిరిగి రావలసినవాళ్లూ ఉన్నారు. ముందే ఒక్క మాట చెప్తే ఆ సిగ్గు తప్పుతుంది.

*ప్రశ్న: మాది మహబూబ్‌నగర్ జిల్లా. అత్తగారిల్లు బాప్టిస్టు సంఘం. ఆడబిడ్డ వేరే ప్రార్థన మందిరానికి పోతుంది. జపమాల విగ్రహారాధన అంటరు, చిన్నప్పటి జ్ఞానస్నానం చెల్లదు, మళ్లా నీళ్లల్ల మునగమంటరు. వాళ్లంతా కతోలికులు కావాలని ప్రార్థించొచ్చా? వాళ్లతో కూర్చొని ప్రార్థిస్తే తప్పా?*

జవాబు: పాలమూరు, నాగర్‌కర్నూల్, దేవరకొండ వైపు బాప్టిస్టు, మెన్నోనైటు సంఘాలు తరాల నుంచి ఉన్నాయి. కాబట్టి ఇలాంటి ఇండ్లు మన దగ్గర చాలానే ఉన్నాయి. మొదట వాళ్లను అవిశ్వాసుల లెక్కలో వేయకండి. నీటితో, పిత పుత్ర పవిత్రాత్మల నామంలో ఇచ్చిన జ్ఞానస్నానం ఏ సంఘంలో జరిగినా సాధారణంగా శ్రీసభ దాన్ని అంగీకరిస్తుంది. రేపు మీ అత్తమ్మ కతోలిక సభలోకి వస్తానన్నా ఆమెకు మళ్లీ జ్ఞానస్నానం ఉండదు. విశ్వాస ప్రకటన చేయించి, భద్రమైన అభ్యంగనం (తైలం పూసి పవిత్రాత్మను ఇచ్చే సంస్కారం) ఇచ్చి చేర్చుకుంటారు. త్రిత్వం పేరు చెప్పకుండా యేసు నామంలో మాత్రమే ఇచ్చే మందిరాలు కొన్ని ఉన్నాయి. అక్కడ ఏ మాటలతో ఇచ్చారో విచారణ గురువు (మీ ఊరి గుడి ఫాదర్) కనుక్కొని నిర్ణయిస్తారు. మీ ఆడబిడ్డ విషయంలో అది తెలుసుకోవలసిన సంగతి.

అదే కారణంతో మీరు మళ్లీ మునగకూడదు. జ్ఞానస్నానం ఒక్కసారే. రెండోసారి ఒప్పుకోవడమంటే మొదటిసారి దేవుడు చేసినదాన్ని చేయలేదనడం. ఇంట్లో సమాధానం కోసం "పోనీలే" అని ఒప్పుకునేవాళ్లున్నారు, అది వద్దు. వాదన పెరిగితే "నాకు ఒక్కసారి అయింది, అది నాకు చాలు అత్తమ్మా" అని ఊరుకోండి.

కలిసి ప్రార్థించడం తప్పు కాదు, చేయాలి. పరలోక జపం ఇద్దరిదీ. "యెహోవా నా కాపరి" కీర్తన ఇద్దరిదీ. బైబిలు చదివేటప్పుడు మాత్రం మన బైబిలులో 73 గ్రంథాలు, వాళ్లదాంట్లో 66 అని గుర్తుంచుకోండి. అందరూ కూర్చున్న చోట తోబీతు, మక్కబీయులు తీయకుండా సువార్త తీయండి. జపమాల మీ గదిలో చెప్పుకోండి. అది విగ్రహారాధన కాదని వాదించి గెలవడం కష్టం. సంతోష దేవరహస్యాల్లో తలచుకునే అయిదు సంఘటనలూ లూకా సువార్త మొదటి రెండు అధ్యాయాల్లోనివే. వాళ్లు నిజంగా తెలుసుకోవాలని అడిగిన రోజున ఆ రెండు అధ్యాయాలు చదివి వినిపించండి. ఒకరి ఆరాధనలో ఒకరు కూర్చోవచ్చు. వాళ్ల ప్రభురాత్రి భోజనం మీరు తీసుకోకూడదు, మన సత్ప్రసాదం వాళ్లు తీసుకోకూడదు. ఆ బాధను దాచవద్దు, అది ప్రార్థనలో పెట్టవలసిన బాధ.

వాళ్లు సంపూర్ణ సహవాసంలోకి రావాలని తప్పక కోరుకోండి. ప్రతి ఏడాది జనవరి 18 నుంచి 25 దాకా క్రైస్తవ ఐక్యత కోసం ప్రార్థించే వారం. ఆ ఎనిమిది రోజులు అత్తగారింట్లో ఉంటే కలిసి ప్రార్థించడానికి అంతకంటే మంచి అదను లేదు.

*ప్రశ్న: మా బాబు హైదరాబాద్‌ల ఐటీ ఉద్యోగం చేస్తుండు. ఇంటర్ దాక బలిపీఠం దగ్గర సేవ చేసినోడు, ఇప్పుడు గుడికే పోతలేడు. రోజూ పొద్దున వాట్సాప్‌ల వాక్యం పంపుత. చూసినట్టు గుర్తు వస్తది, జవాబు రాదు. నల్లగొండ నుంచి ఒక తల్లి.*

జవాబు: పునీత మోనికమ్మ పండుగ ఆగస్టు 27న, ఆమె కొడుకు పునీత అగుస్తీను పండుగ మర్నాడు 28న. ఈ సంగతి అందరికీ తెలుసు. ఎక్కువమందికి తెలియనిది ఒకటుంది. కొడుకు మనీకేయుల మతంలో (వెలుగు, చీకటి అనే రెండు శక్తులు పోరాడుతున్నాయనే మతంలో) తిరుగుతున్నప్పుడు మోనికమ్మ ఒక పీఠాధిపతి (బిషప్) దగ్గరికి పోయి, మీరు వాడితో మాట్లాడి తప్పు దిద్దండని బతిమాలింది. ఆయన మాట్లాడనన్నారు. వాడిప్పుడు వినే స్థితిలో లేడు, వదిలేయి, వాడి కోసం దేవుణ్ణి మాత్రం అడుగు, చదువుతూ చదువుతూ తానే తెలుసుకుంటాడు అన్నారు. ఆమె ఏడ్చి ఇంకా పట్టుబడితే, ఇంత కన్నీటి బిడ్డ నశించడం జరగదని చెప్పి పంపించారు. అగుస్తీను 387లో పాస్క జాగరణ (ఈస్టర్ ముందు) రాత్రి మిలాన్‌లో అక్కడి పీఠాధిపతి పునీత అంబ్రోసు చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందాడు. మోనికమ్మ అదే ఏడాది కన్నుమూసింది.

అమ్మా, రోజూ పంపే వాక్యాలు ఆపండి. ఆపుతున్నానని కూడా చెప్పకండి. ఆ సమయంలో "తిన్నవా బిడ్డా" అని రాయండి. ఆ వాక్యం మీరే చదువుకుని, దాన్నే అతని కోసం ప్రార్థనగా మార్చుకోండి. పుట్టినరోజుకూ జ్ఞానస్నానం పొందిన తేదీకీ అతని పేరున పూజ (గుడిలో గురువు అర్పించే దివ్యబలి) పెట్టించి, "ఇయ్యాల నీ పేరు మీద పూజ చెప్పించిన" అని ఒక్క ముక్క చెప్తే సరిపోతుంది. ఎందుకు పోవడం లేదని అడగాలనిపిస్తే ఒకే ఒక్కసారి, ఎదురుగా కూర్చున్నప్పుడు అడగండి, జవాబు మధ్యలో అడ్డం రాకండి. రాత్రి డ్యూటీలు, గుడిలో ఎవరో అన్న మాట, ఒప్పుకోలేక మోస్తున్న పాపం, నిజమైన సందేహం: వీటిలో ఏదో తెలియకుండా దేనికోసం ప్రార్థిస్తారు?

తిరిగి వచ్చే రోజున అతనికి పెద్ద తతంగం ఏమీ ఉండదు. మంచి పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) చాలు. ఎన్నేండ్లయిందో గుర్తులేకపోయినా, జపాలు మరిచిపోయినా గురువు దగ్గరుండి చెప్పిస్తారు. ఈ మాట అతని చెవిన ఎప్పుడో ఒకసారి పడేలా చూడండి. మళ్లీ మొదలుపెట్టడం చాలా కష్టమనుకుని ఆగిపోయేవాళ్లు ఎక్కువ. రిజిస్ట్రార్ ఆఫీసులో పెళ్లి చేసుకుని ఉంటే మాత్రం ముందు విచారణ గురువును కలవాలి. ఆ పెళ్లిని శ్రీసభలో సరిచేసుకునే దారి ఉంది.

*ప్రశ్న: కోడలు హిందువు, మనుమడికి జ్ఞానస్నానం వద్దంటుంది. స్నానం పోసేటప్పుడు నేనే ఇచ్చేయొచ్చా? మంచం పట్టిన మా వియ్యపురాలికి కూడా ఇయ్యాలని ఉంది.*

జవాబు: మనుమడికి దొంగచాటుగా ఇవ్వకండి. పసిబిడ్డకు జ్ఞానస్నానం ఇవ్వాలంటే తల్లిదండ్రుల్లో కనీసం ఒకరు ఒప్పుకోవాలి, బిడ్డ కతోలిక విశ్వాసంలో పెరుగుతాడనే ఆశ ఉండాలి. మీ అబ్బాయి పెళ్లినాడు పిల్లల విషయంలో తన శక్తిమేరకు చేస్తానని మాటిచ్చి ఉంటాడు, ఆ మాట కోడలికీ తెలియజేసి ఉంటారు. కాబట్టి మాట్లాడవలసింది మీ అబ్బాయితో. అది కూడా కోడలు లేనప్పుడు కొడుకును ఎగదోయడం కాకూడదు.

ప్రాణాపాయం వేరు. అప్పుడు గురువు అందుబాటులో లేకపోతే ఎవరైనా ఇవ్వవచ్చు. మామూలు నీళ్లు తీసుకుని తల మీద మూడుసార్లు పోస్తూ, పోసే మనిషే ఈ మాటలు చెప్పాలి: పేరు పిలిచి, "పిత యొక్కయు, పుత్రుని యొక్కయు, పవిత్రాత్మ యొక్కయు నామమున నేను నీకు జ్ఞానస్నానము ఇచ్చుచున్నాను." ఒకరు పోసి ఇంకొకరు చెప్తే కుదరదు. పాలు, నూనె పనికిరావు. నీళ్లు జుట్టు మీద ఆగిపోకుండా చర్మాన్ని తాకాలి. తరువాత విచారణ గురువుకు చెప్పి రిజిస్టరులో రాయించాలి.

పెద్దవాళ్లకు ప్రాణాపాయంలో కూడా వాళ్ల ఇష్టం కావాలి. మీ వియ్యపురాలికి తెలివి ఉంటే మెల్లగా అడగండి. క్రీస్తును గురించి ముఖ్యమైన నాలుగు మాటలు చెప్పండి. కావాలని నోటితోనో, తల ఊపో, చేయి నొక్కో చెప్పి, ఆయన ఆజ్ఞల ప్రకారం నడుస్తానని ఒప్పుకుంటే ఇవ్వవచ్చు. ఎన్నడూ కోరని మనిషికి స్పృహ తప్పాక నీళ్లు పోయడం తప్పు. మనస్సాక్షికి విరుద్ధంగా ఎవరినీ విశ్వాసంలోకి బలవంతం చేయకూడదని శ్రీసభ చట్టం తేటగా చెప్తుంది. అప్పుడు మంచం పక్కన కూర్చుని, చేయి పట్టుకుని, ఆమెను దేవుని చేతికి అప్పగించండి. అది చిన్న ప్రార్థన కాదు.

*ప్రశ్న: మా ఆయన గుడికి వస్తడు, ప్రార్థన చేస్తడు. జ్ఞానస్నానం అంటే మాత్రం ఎస్సీ సర్టిఫికెట్ పోతదని ఆగుతుండు. విశ్వాసం తక్కువైందనుకోవాల్నా?*

జవాబు: అలా అనుకోకండి. ఆయన భయానికి ఆధారముంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకూ, 1990లో బౌద్ధులకూ వర్తింపజేశారు, క్రైస్తవులకు చేయలేదు. తెలంగాణలో ఎస్సీల నుంచి క్రైస్తవంలోకి వచ్చినవారు బీసీ-సి కిందికి వస్తారు, అక్కడ రిజర్వేషన్ 1 శాతం. ఎస్టీలకు ఈ చిక్కు లేదు, మతం మారినా ఆ హోదా ఉంటుంది. ఈ ఉత్తర్వు అన్యాయమని శ్రీసభ ఏండ్ల తరబడి అంటూనే ఉంది. ఆ అన్యాయపు బరువు మోస్తున్న మనిషిని ఇంట్లో కూడా "నీకు దేవుని కన్న సర్టిఫికెట్ ఎక్కువైందా" అని పొడవకండి.

గుడిలో ఒక లెక్క, కాగితంలో ఇంకో లెక్క నడపమని మేము చెప్పం. జ్ఞానస్నానానికి సిద్ధపడే దారి మాత్రం ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. ఉపదేశి దగ్గర సత్యోపదేశం నేర్చుకోవడం, తపస్కాలం (ఈస్టర్‌కు ముందు సిద్ధపాటు కాలం) మొదటి ఆదివారం ఎన్నిక (జ్ఞానస్నానానికి అభ్యర్థులను స్వీకరించే ఆచారం), మూడు, నాలుగు, అయిదో ఆదివారాల్లో పరిశీలన ప్రార్థనలు, పాస్క జాగరణలో జ్ఞానస్నానం, ఇదీ వరుస. ఎన్నాళ్లు పట్టాలనే గడువు లేదు. సిద్ధపడుతున్నవారిని శ్రీసభ అప్పటికే తన ఇంటివారిగా చూస్తుంది. కోరికతో ఉండి జ్ఞానస్నానం అందకముందే చనిపోయినవారి రక్షణ గురించి కూడా అది ధైర్యం చెప్తుంది. పిల్లల చదువు, ఉద్యోగం లెక్కలన్నీ చూసుకుని నిర్ణయించుకోవలసింది ఆయన. మీరు ఆయన ధైర్యం కోసం ప్రార్థించండి, తేదీ కోసం కాదు.

*ప్రశ్న: చెరువుగట్టు జాతర నుంచి అత్తమ్మ ప్రసాదం తెస్తది. తినాల్నా, పారెయ్యాల్నా?*

జవాబు: పారేయకండి, మొహం చిట్లించకండి. జాతరలో జరిగే పూజలో మనం పాలుపంచుకోకూడదు. తిండి సంగతి పౌలు 1 కొరింతీయులు 8, 10 అధ్యాయాల్లో చెప్పాడు: పదార్థంలో ఏమీ లేదు, కానీ తినడం వల్ల ఎవరి విశ్వాసమైనా తడబడితే మానాలి. "నేను తినను అత్తమ్మా, మీరు తినుండ్రి" అని మర్యాదగా అంటే మీ అత్తమ్మకు కోపం రాదు. ప్రయాణం చేసి వచ్చిన మనిషికి ముందు కాళ్లకు నీళ్లివ్వండి.

*ప్రశ్న: మా నాయిన కోసం పన్నెండేండ్లు ప్రార్థించిన. మొన్న జ్ఞానస్నానం లేకుండనే పోయిండు. నా ప్రార్థన వృథా అయిందా? ఆయన పేరున పూజ పెట్టించొచ్చా? వనపర్తి.*

జవాబు: వృథా కాలేదు. విశ్వాసం దేవుడిచ్చే వరం, మనిషి స్వేచ్ఛగా అందుకోవలసింది. మన ప్రార్థన ఎవరి స్వేచ్ఛనూ తొక్కేయదు, దేవుడూ తొక్కడు. ప్రభువు సొంత బంధువులే ఆయనను నమ్మలేదని యోహాను 7:5లో ఉంది. ఆయన ఇంట్లోనే అలా జరిగినప్పుడు, నాయిన రాకపోవడం మీ ప్రార్థనలో లోపమని ఎవరైనా అంటే నమ్మకండి. తమ తప్పు లేకుండా క్రీస్తును తెలుసుకోలేక, మనస్సాక్షి చెప్పిన మంచిని చేస్తూ బతికినవారు కూడా రక్షణ పొందగలరని ప్రపంచ పీఠాధిపతులు కూడిన రెండవ వాటికన్ మహాసభ బోధించింది. ఆఖరి ఘడియలో మీ నాయినకూ దేవునికీ మధ్య ఏం జరిగిందో బయటివాళ్లు చెప్పే విషయం కాదు. పన్నెండేండ్ల ప్రార్థన ఆ ఘడియలోనూ ఆయన వెంట ఉంది.

పూజ పెట్టించవచ్చు. బతికున్నవారికైనా చనిపోయినవారికైనా, ఎవరి కోసమైనా గురువు పూజ అర్పించవచ్చు, కతోలికులై ఉండాలనే నియమం లేదు. విచారణ ఆఫీసులో ఆయన పేరు, చనిపోయిన తేదీ, మీ పేరు రాయించండి. ఆదివారాలు ముందే నిండిపోతాయి కాబట్టి మామూలు రోజు అడిగితే త్వరగా దొరుకుతుంది. కానుక ఇవ్వలేని పరిస్థితి ఉంటే ఫాదర్ గారికి చెప్పండి. పేదల కోరికపై కానుక లేకుండానైనా పూజ చేయమని శ్రీసభ చట్టం గురువులను కోరుతుంది. నవంబరు 2 మృతుల పండుగకు గుడిలో పేర్లు రాసుకుంటారు, అక్కడ కూడా ఆయన పేరు ఇవ్వండి. వచ్చే శుభ శుక్రవారం (గుడ్ ఫ్రైడే) సాయంత్రం అర్చనకు తప్పకుండా పోండి. ఆ రోజు చేసే పది మహా విన్నపాల్లో ఏడోది క్రీస్తును నమ్మనివారి కోసం, ఎనిమిదోది దేవుణ్ణి నమ్మనివారి కోసం. మీ ఇంట్లో ఇంకా రానివారుంటే ఆ రెండు విన్నపాల దగ్గర ఒక్కొక్కరి పేరు మనసులో చెప్పుకోండి. ఒక్కో విన్నపం తరువాత కాసేపు మౌనం ఉండేది అందుకే.